పాడే నటుడు: చిత్తూరు నాగయ్య కళాజీవితం

తెలుగు సినిమా తొలి రెండు దశాబ్దాల్లో పాటకూ నటనకూ సమానమైన అధికారం ఉన్న నటుల్లో చిత్తూరు వి. నాగయ్యది మొదటి వరుస. నాటకరంగం మీద పద్యం పాడి, గ్రామఫోను రికార్డులకు గొంతునిచ్చి, 1938లో తెరమీదికి వచ్చిన ఆయన తర్వాతి ముప్పయ్యయిదేళ్లు నటుడిగా, గాయకుడిగా, సంగీత దర్శకుడిగా, నిర్మాతగా, దర్శకుడిగా పనిచేశారు. పోతన, త్యాగయ్య, వేమన అనగానే ఒక తరం తెలుగువాళ్లకు ఆయన ముఖమే గుర్తొచ్చేది. తెలుగుతో పాటు తమిళంలోనూ ఆయన అగ్రశ్రేణి నటుడే. ఆయన చేసిన పనుల జాబితా పెద్దది. వాటన్నిటినీ కలిపే సూత్రం ఒకటుంది: నాటకాల్లో గాయకుడి ప్రతిభను చాటే సాధనంగా ఉన్న పాటను ఆయన పాత్ర మనసులోంచి వచ్చే మాటగా మార్చారు.

పద్యనాటకం పెంచిన తరం

నాగయ్య అసలు ఇంటిపేరు వుప్పలదడియం. 1904 మార్చి 28న గుంటూరు జిల్లా రేపల్లెలో పుట్టారు. పెరిగిందీ, కళాకారుడిగా రూపుదిద్దుకున్నదీ చిత్తూరు ప్రాంతంలో కావడంతో ఆ ఊరి పేరే ఆయన పేరు ముందు నిలిచిపోయింది. సినిమాల్లోకి రాకముందు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా, ఆంధ్రపత్రికలో విలేఖరిగా కొంతకాలం పనిచేశారు. గాంధీ భావాల ప్రభావం యువకుల మీద బలంగా ఉన్న రోజులవి. నాగయ్య మీదా ఆ ప్రభావం పడింది. తర్వాతి రోజుల్లో ఆయనకు పేరు తెచ్చిన పాత్రల్లో సంఘసంస్కర్తలూ త్యాగధనులూ ఎక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

ఆయన కళాజీవితం నాటకంతో మొదలైంది. ఆనాటి తెలుగు నాటకం ప్రధానంగా పద్యనాటకం. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పద్యాన్నీ పాటనూ నాటకంలో కలిపి చూపిన నాటినుంచి సంగీతం నాటకానికి ప్రాణమైంది. తిరుపతి వెంకట కవుల పాండవ నాటకాలు, హరిశ్చంద్ర, చింతామణి వంటివి కోస్తా నుంచి రాయలసీమ దాకా ఊరూరా ఆడేవి. నూజివీడు, చింతలపూడి వంటి మెట్టప్రాంతపు ఊళ్లలో తిరునాళ్లకూ ఉత్సవాలకూ తెల్లవార్లూ సాగే నాటకాలే పెద్ద వినోదం. మైకులు లేని రోజుల్లో నటుడి గొంతు పందిరి చివర కూర్చున్నవాడికీ వినపడాలి. అందుకే హార్మోనియం శ్రుతి ఎక్కువలో పెట్టుకుని, పద్యం చివర రాగం సాగదీసి పాడేవారు. జనం ‘వన్స్‌మోర్’ అంటే చనిపోయిన పాత్ర కూడా లేచి మళ్లీ పద్యం అందుకోవలసిందే.

ఈ పద్ధతి గొప్ప గాయకులను తయారుచేసింది. కపిలవాయి రామనాథశాస్త్రి, ఈలపాట రఘురామయ్య వంటివారి గొంతు కోసమే జనం మైళ్లకొద్దీ నడిచి వచ్చేవారు. అయితే రాగం ఎక్కువై పాత్ర వెనక్కి పోతోందన్న అసంతృప్తి కూడా అప్పటికే మొదలైంది. బళ్లారి రాఘవ ఈ విషయంలో గట్టిగా మాట్లాడారు. పద్యంలో భావం ముఖ్యమనీ, రాగం దానికి తోడుగా ఉండాలనీ ఆయన వాదించారు. రంగస్థలం మీద ఈ వాదం పూర్తిగా గెలవలేదు. దాన్ని సినిమాలో ఆచరించి చూపిన నటుల్లో నాగయ్య ముఖ్యులు.

చిత్తూరులోని రామవిలాస సభ నాగయ్యకు శిక్షణశాల అయింది. అక్కడి నాటకాల్లో ఆయన స్త్రీ పాత్రలు కూడా వేశారు. సారంగధర నాటకంలో చిత్రాంగి పాత్ర ఆయనకు పేరు తెచ్చింది. సవతి కొడుకు మీద మనసుపడి, కాదన్నందుకు అతణ్ని శిక్షకు గురిచేసే రాణి చిత్రాంగి. కోరిక, అవమానం, పగ, పశ్చాత్తాపం ఒకదాని వెంట ఒకటి పలికించవలసిన పాత్ర. అరుపులతో నెట్టుకొచ్చేది కాదు. మగవాడు ఆడపాత్ర వేసినప్పుడు నడకా చూపూ గొంతూ అన్నీ అదుపులో పెట్టుకోవాలి. తర్వాత ఆయన తెరమీద చూపిన నిగ్రహానికి ఈ అనుభవం పునాది అయిందని అనుకోవచ్చు. శాస్త్రీయ సంగీతంలోనూ ఆయనకు గట్టి సాధన ఉంది. గ్రామఫోను రికార్డులతో ఆ గొంతు నాటకశాల దాటి ఇళ్లలోకి వెళ్లింది.

తొలి టాకీలలో పాట

నాగయ్య గొప్పతనం తెలియాలంటే ఆనాటి సినిమాల్లో పాటను ఎలా తీసేవారో తెలియాలి. 1932లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు టాకీ మొదలైంది. అప్పటికి పాటను ముందుగా రికార్డు చేసి, దానికి పెదవులు కదిపే పద్ధతి రాలేదు. కెమెరా ముందు నటిస్తూనే నటుడు పాడాలి. వాద్యకారులు కెమెరాకు కనపడకుండా చెట్టు చాటునో, సెట్టు పక్కనో కూర్చుని వాయించేవారు. ఎక్కడ తప్పు జరిగినా షాటు మొదటినుంచి తీయవలసిందే. అందుకే నిర్మాతలు పాడగల నటుల కోసం నాటకరంగం వైపు చూశారు. తొలి సినిమాలు చాలావరకు నాటకాలకే తెరరూపాలు. నటులు కూడా పందిరి చివరి మనిషికి వినిపించాలన్నట్టుగానే పాడేవారు.

కానీ మైకు స్వభావం వేరు. అది గుసగుసను కూడా పట్టుకుంటుంది. దగ్గరగా పెట్టిన కెమెరా కంటి రెప్ప కదలికను కూడా చూపుతుంది. ఈ రెండు పరికరాల ముందు పెద్ద గొంతూ పెద్ద చేతులూ ఎబ్బెట్టుగా కనిపిస్తాయి. మాట్లాడుతున్నంత మామూలుగా పాడగలిగినవాడికే అక్కడ చోటు. దేశంలో ఈ సంగతి గ్రహించి పేరు తెచ్చుకున్నవారిలో కలకత్తా న్యూ థియేటర్స్ నటగాయకుడు కె.ఎల్. సైగల్ ప్రముఖుడు. సైగల్ కూడా 1904లోనే, నాగయ్య పుట్టిన రెండు వారాలకు పుట్టాడు. హిందీ సినిమా పాటలో సైగల్ తెచ్చిన ఆంతరంగికతను తెలుగులో నాగయ్య తనదైన దారిలో సాధించారు. ఆ దారి పద్యంలోంచి, కర్ణాటక సంగీతంలోంచి, భజన సంప్రదాయంలోంచి వచ్చింది.

గృహలక్ష్మి నుంచి దేవత దాకా

నాగయ్య తొలి సినిమా 1938లో వచ్చిన ‘గృహలక్ష్మి’. రోహిణి సంస్థ కోసం హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించారు. ‘రంగూన్ రౌడీ’ నాటకం దీనికి ఆధారం. నాయిక కన్నాంబ. నాగయ్యది గోపీనాథ్ అనే సంస్కర్త పాత్ర. తాగుడు మానమని ఊరివాళ్లకు బోధించే ఆ పాత్రలో ఆయన పాట జనం నోట నిలిచింది. మద్యనిషేధం జాతీయోద్యమంలో భాగంగా ఉన్న కాలం కావడంతో ఆ పాట సినిమాహాలు దాటి బయటికి కూడా వచ్చింది.

ఆ చిత్రానికి పనిచేసిన బి.ఎన్. రెడ్డి, ఛాయాగ్రాహకుడు కె. రామ్‌నాథ్, కళాదర్శకుడు ఎ.కె. శేఖర్ తర్వాత విడిగా వచ్చి, మూలా నారాయణస్వామి అండతో వాహినీ సంస్థను నిలబెట్టారు. లెక్కలు చూడడంతో మొదలుపెట్టి దర్శకుడిగా ఎదిగిన కె.వి. రెడ్డి కూడా వారిలో ఉన్నారు. వాహినీ మొదటి నాలుగు చిత్రాల్లోనూ నాగయ్యే ప్రధాన నటుడు. వాటికి సంగీతం కూడా ఆయనదే. ఒక సంస్థ అభిరుచీ ఒక నటుడి స్వభావమూ ఇంతగా కలిసిన సందర్భాలు తెలుగు సినిమాలో తక్కువ.

మొదటిది ‘వందేమాతరం’, 1939. చదువుకుని కూడా ఉద్యోగం దొరకని యువకుడి కథ, వరకట్నం సంసారాన్ని ఎలా చీలుస్తుందో చెప్పే కథ. నాయిక కాంచనమాల. దేవుళ్లూ రాజులూ నిండిన తెరమీద ఆ ఏడు పంచె కట్టుకున్న మామూలు నిరుద్యోగి కనిపించాడు. అలాంటి మనిషి పాడితే నాటక ఫక్కీలో పాడడు. నాగయ్య ఆ పాటలను తక్కువ శ్రుతిలో, మాట స్పష్టంగా వినపడేలా, రాగపు సాగతీత లేకుండా పాడారు.

రెండోది 1940లో వచ్చిన ‘సుమంగళి’. వితంతు వివాహం ఇతివృత్తం. ఇందులో నాగయ్య వేసింది కథానాయకుడి పాత్ర కాదు. కందుకూరి వీరేశలింగాన్ని తలపించే వృద్ధ సంస్కర్త పంతులు పాత్ర. అప్పటికి ఆయన వయసు ముప్పయ్యారు. మొదటి సినిమాలతో హీరోగా స్థిరపడుతున్న నటుడు వెంటనే ముసలివాడి వేషానికి ఒప్పుకోవడం సాహసమే. ఆ వేషం ఆయన మీద నమ్మకాన్ని పెంచింది. అదే సంవత్సరం వై.వి. రావు దర్శకత్వంలో సినీరంగ నేపథ్యంతో వచ్చిన ‘విశ్వమోహిని’లోనూ ఆయన నటించారు.

మూడోది ‘దేవత’, 1941. ఇంగ్లండులో చదువుకుని వచ్చిన యువకుడు ఇంట్లో పనిచేసే అమ్మాయికి అన్యాయం చేసి, తర్వాత ఆ తప్పును గుర్తించి బాధపడడం ఇందులో కథ. పనిమనిషి పాత్రలో కుమారి నటించింది. సంస్కర్తగా కనిపించిన నటుడే ఇక్కడ దోషిగా కనిపించాడు. మంచివాడిలో బలహీనతను, ఆ బలహీనత వెనక సిగ్గును చూపడంలో నాగయ్య నటన కొత్త లోతును చేరింది.

పోతనగా

1942 జనవరిలో ‘భక్త పోతన’ వచ్చింది. కె.వి. రెడ్డి దర్శకుడిగా చేసిన తొలి చిత్రం ఇదే. యుద్ధభయంతో మద్రాసు ఖాళీ అవుతున్న రోజుల్లో విడుదలైనా సినిమా పెద్ద విజయం సాధించింది. రచన సముద్రాల రాఘవాచార్యది. కథ తెలుగువాళ్లందరికీ తెలిసిందే: పొలం దున్నుకుంటూ భాగవతం రాసిన కవి, దాన్ని రాజుకు అంకితమివ్వనన్న కవి, రాముడికే ఇచ్చిన కవి.

పోతన పద్యాలు తెలుగువాళ్లకు బాల్యం నుంచీ నోటికి వచ్చినవి. వాటిని తెరమీద పాడడం అందుకే కష్టం. ప్రతి ప్రేక్షకుడి చెవిలోనూ ఆ పద్యానికి ఒక బాణీ ముందే ఉంటుంది. నాగయ్య వాటిని సభలో చదివినట్టు పాడలేదు. కవి తనలో తాను అనుకుంటున్నట్టుగా, పదం పుట్టిన క్షణంలోనే వింటున్నట్టుగా పాడారు. పదం విరుపు ఎక్కడా చెడనివ్వలేదు. సమాసం ఎంత పొడవున్నా అర్థం తెగకుండా ఊపిరి తీసుకునే చోటు ఎంచుకున్నారు. రాగం పద్యభావం పలికినంతవరకే వచ్చి ఆగిపోతుంది. ముఖంలోనూ ఇదే పొదుపు. కళ్లు అరమోడ్చడం, పెదవుల మీద చిన్న చిరునవ్వు, తల కొద్దిగా వంచడం, అంతే. భక్తి అంటే చేతులెత్తి ఆర్తనాదం చేయడమేనన్న నాటక సంప్రదాయం నుంచి ఇది స్పష్టమైన మలుపు.

పాట రెండుగా విడిపోయిన రోజులు

నాగయ్య రేణుకా ఫిలిమ్స్ పేరుతో సొంత సంస్థ పెట్టారు. దాని తరఫున 1943లో పి. పుల్లయ్య దర్శకత్వంలో ‘భాగ్యలక్ష్మి’ తీశారు. తెలుగు సినిమా చరిత్రలో ఈ చిత్రానికి ప్రత్యేక స్థానం ఉంది. తెరమీద నటి కమలా కోట్నీస్ కనిపిస్తుండగా, వినిపించే గొంతు రావు బాలసరస్వతీదేవిది. తెలుగులో నేపథ్యగానం ఈ పాటతోనే మొదలైందని చెబుతారు. తన పాత్రలకు తానే పాడుకునే నటుడి సంస్థలోనే, పాడేవారు వేరు, నటించేవారు వేరు అన్న పద్ధతి తొలి అడుగు వేయడం గమనించదగ్గ విషయం. తన తరహా నటులకు గిరాకీ తగ్గించబోయే మార్పుకు నాగయ్య అడ్డుపడలేదు. కథకు అవసరమైతే కొత్త పద్ధతిని వాడుకోవాలన్నది ఆయన దృష్టి.

1945లో బి.ఎన్. రెడ్డి తీసిన ‘స్వర్గసీమ’లో ఈ మార్పు మరికొంత ముందుకు సాగింది. మంచి భార్యా బిడ్డలూ ఉన్న పత్రికా సంపాదకుడు ఒక నాటకనటి మోహంలో పడి సంసారాన్ని పాడుచేసుకునే కథ. సంపాదకుడు నాగయ్య, భార్య బి. జయమ్మ, నటి భానుమతి. భానుమతి పాటలు దేశమంతా మోగాయి. ఆమె కూడా తన పాట తానే పాడుకునే నటి. నాగయ్య తర్వాత ఆ సంప్రదాయాన్ని చివరిదాకా నిలబెట్టినవారిలో ఆమె ముఖ్యురాలు. ఈ చిత్రానికే ఒక యువ గాయకుడు భానుమతితో కలిసి గొంతు కలిపాడు. అతడు ఘంటసాల వెంకటేశ్వరరావు. మరికొన్నేళ్లలో తెలుగు హీరోలందరి పాటా ఆ గొంతులోనే వినిపించబోతోంది.

త్యాగయ్య, వేమన

1946లో వచ్చిన ‘త్యాగయ్య’ నాగయ్య జీవితంలో అత్యంత పెద్ద ప్రయత్నం. నిర్మాత, దర్శకుడు, సంగీత దర్శకుడు, ప్రధాన నటుడు, గాయకుడు అన్నీ ఆయనే. త్యాగరాజు తంజావూరు రాజు పంపిన కానుకలను తిప్పి పంపడం, అన్న జపేశుడు రామవిగ్రహాలను కావేరిలో పారేయడం, వాటి కోసం ఊరూరా తిరగడం, విగ్రహాలు తిరిగి దొరకడం వంటి ఘట్టాలతో కథ నడుస్తుంది. జపేశుడిగా ముదిగొండ లింగమూర్తి నటించారు.

ఇందులో అసలు సమస్య సంగీతానిది. త్యాగరాజ కీర్తనలు కచేరీల్లో విద్వాంసులు విస్తరించి పాడే కృతులు. వాటికి నెరవు, స్వరకల్పన వంటి అలంకారాలు కచేరీలో సహజం. కథలో అలా పాడితే త్యాగరాజు కచేరీ విద్వాంసుడిలా కనిపిస్తాడు. విగ్రహాలు పోగొట్టుకున్న మనిషి స్వరకల్పన చేయడు. నాగయ్య ప్రతి కీర్తనకూ కథలో ఒక కారణం చూపించారు. ఈ నిరాకరణకు ఈ కృతి, ఈ దుఃఖానికి ఈ కృతి అన్నట్టు సందర్భంలోంచే పాట పుట్టేలా అమర్చారు. కృతి రూపం చెదరనివ్వకుండా విస్తరణ తగ్గించారు. శాస్త్రీయ సంగీతం తెలియని ప్రేక్షకుడు కూడా కథ వెంట నడుస్తూ కీర్తనల అర్థంలోకి వెళ్లగలిగాడు. త్యాగరాజ కీర్తనలను సామాన్యుల ఇళ్లకు చేర్చడంలో ఈ సినిమాది గణనీయమైన పాత్ర.

మరుసటి ఏడు కె.వి. రెడ్డి ‘యోగి వేమన’ తీశారు. భోగలాలసుడైన యువకుడు, ప్రాణంగా పెంచుకున్న చిన్నపిల్ల చనిపోవడంతో కదిలిపోయి, బంగారం చేసే విద్య కోసం వెతికి, చివరికి అన్నీ విడిచి యోగి కావడం కథ. అభిరాముడిగా లింగమూర్తి, మోహనాంగిగా ఎం.వి. రాజమ్మ నటించారు. పోతన, త్యాగయ్య మొదటినుంచీ భక్తులే. వేమన అలా కాదు. విలాసం, దుఃఖం, ఉన్మాదం, విరక్తి అన్నీ ఒకే సినిమాలో పలికించాలి. నడకా మాట తీరూ దశదశకూ మారాలి. నాగయ్య ఆ మార్పును మేకప్పు మీద వదిలేయకుండా గొంతులోనే చూపారు. మొదట్లో హాయిగా, కొంత అలసంగా సాగే గొంతు చివరికి సూటిగా, పొడిగా మారుతుంది. డబ్బు పరంగా సినిమా ఆశించినంత ఆడకపోయినా, నాగయ్య నటనకు శిఖరం ఇదేనని భావించే విమర్శకులున్నారు.

తమిళ తెరమీద

ఆ రోజుల్లో తెలుగు, తమిళ చిత్రాలు రెండూ మద్రాసులోనే తయారయ్యేవి. నాగయ్యకు రెండు భాషల్లోనూ ఆదరణ దక్కింది. 1941లో వచ్చిన తమిళ ‘అశోక్‌కుమార్’లో ఆయన అశోక చక్రవర్తి. ఆయన కొడుకు కుణాలుడిగా తమిళుల ఆరాధ్య నటగాయకుడు ఎం.కె. త్యాగరాజ భాగవతార్, రాణిగా కన్నాంబ నటించారు. సవతితల్లి మోహం, కొడుక్కి శిక్ష అన్న ఈ కథ సారంగధర కథకు దగ్గరిదే. చిత్తూరులో రాణి వేషం వేసిన నాగయ్య ఇక్కడ మోసపోయిన తండ్రి వేషం వేశారు.

1945లో ఎల్లిస్ ఆర్. డంగన్ దర్శకత్వంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి నటించిన ‘మీరా’లో నాగయ్య రాణా పాత్ర ధరించారు. భార్య భక్తిని అర్థం చేసుకోలేక, ఆమె మీద ప్రేమను చంపుకోలేక నలిగే రాజు ఆయన. పాటలన్నీ ఆమెవైపు ఉన్న సినిమాలో, పాట ఆసరా లేకుండా నటనతోనే ఆ పాత్రను నిలబెట్టారు. గాయకుడిగా పేరున్న నటుడు పాట లేకపోయినా నిలవగలడని ‘మీరా’ రుజువు చేసింది.

1950లో పక్షిరాజా సంస్థ కోసం కె. రామ్‌నాథ్ దర్శకత్వంలో ‘ఏళై పడుం పాడు’ వచ్చింది. అదే కథ తెలుగులో ‘బీదలపాట్లు’. ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో ప్రసిద్ధ నవల ‘లే మిజరబుల్’ దీనికి మూలం. రొట్టె దొంగిలించిన నేరానికి ఏళ్లతరబడి జైల్లో మగ్గి, ఒక మతగురువు దయతో మారి, పరోపకారిగా బతికే మనిషి నాగయ్య. అతణ్ని వెంటాడే పోలీసు అధికారి పాత్ర వేసిన సీతారామన్‌కు ఆ పాత్ర పేరే జీవితాంతం ‘జావర్’ అన్న ముందుపేరుగా మిగిలింది. వాహినీ రోజుల్లో కెమెరా వెనకనుంచి నాగయ్య ముఖాన్ని చదివిన రామ్‌నాథ్‌కు ఆ ముఖంలో కఠినత్వమూ కరుణా రెండూ ఎక్కడ దొరుకుతాయో బాగా తెలుసు.

గొంతు వేరు, ముఖం వేరు

1950 నాటికి కాలం మారిపోయింది. నేపథ్యగానం స్థిరపడింది. పాటను ముందే స్టూడియోలో రికార్డు చేసి, సెట్టులో దాన్ని వినిపిస్తూ చిత్రీకరించడం మామూలైంది. దీంతో నటుడికి పాట రావలసిన అవసరం పోయింది. అక్కినేని నాగేశ్వరరావు తొలిరోజుల్లో తన పాటలు తానే పాడుకున్నా, తర్వాత ఘంటసాల గొంతు ఆయనకు స్థిరపడింది. నందమూరి తారక రామారావుకూ ఘంటసాలే.

ఈ మార్పులో లాభం ఉంది. పాట రాని గొప్ప నటులకు తలుపు తెరుచుకుంది. నూజివీడులో 1918లో పుట్టిన ఎస్.వి. రంగారావు దీనికి మంచి ఉదాహరణ. ఆయనా నాటకరంగం నుంచే వచ్చారు. అయితే ఆయన బలం వాచకంలో, విగ్రహంలో, చూపులో ఉంది. 1957లో ‘మాయాబజార్’లో ఘటోత్కచుడిగా ఆయన నటిస్తే, పాట మాధవపెద్ది సత్యం పాడారు. ఆ రెండూ ఒకరివే అనిపించేంతగా కలిసిపోయాయి. ఆ సినిమా దర్శకుడు కె.వి. రెడ్డే. పాడే నటుడితో ‘భక్త పోతన’ తీసి మొదలుపెట్టిన దర్శకుడు పదిహేనేళ్లకు గొంతునూ ముఖాన్నీ విడివిడిగా తెచ్చి కలిపి తెలుగువారి అత్యంత ప్రియమైన చిత్రాన్ని తీశారు.

నష్టమూ ఉంది. పాడే నటుడికి మాటకూ పాటకూ మధ్య అతుకు ఉండదు. మాట ఎక్కడ ఆగిందో, రాగం ఎక్కడ మొదలైందో చెప్పలేనంతగా ఒకదాంట్లోంచి ఒకటి వస్తుంది. ఊపిరి, తడబాటు, గొంతు జీర అన్నీ ఒకే మనిషివి. 1981లో బాపు మళ్లీ ‘త్యాగయ్య’ తీసినప్పుడు జె.వి. సోమయాజులు నటించగా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడారు. ఇద్దరూ ఎవరి కళలో వారు నిష్ణాతులు. అయినా 1946లో ఒక్కరు చేసిన పనికి అప్పుడు ఇద్దరు కావలసివచ్చింది.

తండ్రులూ ఋషులూ

నాగయ్య వయసు యాభైకి చేరుతుండగా నాయక పాత్రలు యువతరానికి వెళ్లాయి. ఆయన పెద్దల పాత్రల్లోకి మారారు. ‘సుమంగళి’లో ముసలి వేషంతో ఎప్పుడో వేసుకున్న దారి అది. 1953లో ఆయన స్వీయ దర్శకత్వంలో ‘నా ఇల్లు’ తీసి నటించారు. 1956లో ‘తెనాలి రామకృష్ణ’లో మహామంత్రి తిమ్మరుసు, 1957లో ‘పాండురంగ మహాత్మ్యం’లో దారితప్పిన కొడుకుని ప్రేమించే తండ్రి, 1960లో ‘శాంతినివాసం’లో కుటుంబ పెద్ద, 1963లో ‘లవకుశ’లో వాల్మీకి మహర్షి. ‘పాండురంగ మహాత్మ్యం’లో భక్తుడైన ఆ తండ్రికి తన గొంతునే ఇచ్చారు. మిగతా పాటల మధ్య ఆ పాట వేరుగా తెలుస్తుంది.

ఈ పాత్రల్లో చాలావాటికి తెరమీద సమయం తక్కువ. కొడుకుల చేత మాటపడే తండ్రి, చివరికి క్షమించే తండ్రి అన్న మూసలోకి నిర్మాతలు ఆయన్ని నెట్టిన మాటా నిజమే. అయినా ఆయన ఉన్న సన్నివేశానికి ఒక గౌరవం వచ్చేది. గొంతు పెంచకుండా కోపం చూపడం, మాట ఆపి బాధ చూపడం ఆయన చేతిలో ఉన్న పనిముట్లు. ‘లవకుశ’లో వాల్మీకి సీతకు ఆశ్రయమిచ్చేటప్పుడు ఆ ఋషి కన్నతండ్రిలా కనిపించడం ఈ నేర్పు వల్లనే. అన్ని భాషల్లో కలిపి ఆయన చిత్రాలు మూడు వందలు దాటాయని సినీ చరిత్రకారులు లెక్కవేస్తారు.

సంపాదన, దానం, చివరి రోజులు

నలభైల్లో నాగయ్య దక్షిణాదిలో ఎక్కువ పారితోషికం తీసుకునే నటుల్లో ఒకరు. సంపాదించింది చాలావరకు ఇతరులకే పోయింది. మద్రాసులో ఆయన ఇల్లు చదువుకునే కుర్రాళ్లకూ, అవకాశాల కోసం వచ్చిన కళాకారులకూ భోజనశాల. అడిగినవాడికి లేదనే అలవాటు ఆయనకు లేదు. సొంత చిత్రాల నిర్మాణమూ కొంత డబ్బు తీసుకుపోయింది. చేతిలో ఉన్నప్పుడు ఇవ్వడమే తప్ప దాచడం తెలియని మనిషి జీవిత చరమాంకంలో ఇబ్బందులు పడ్డారు. చిన్న వేషాలు కూడా ఒప్పుకోవలసివచ్చింది.

ఆ ఇబ్బందుల మధ్యే ఆయన ‘భక్త రామదాసు’ పూర్తిచేశారు. 1964లో వచ్చిన ఈ చిత్రానికి దర్శకుడూ ఆయనే, రామదాసూ ఆయనే. భద్రాచలం గుడి కట్టించి చెరసాల పాలైన కంచర్ల గోపన్న కథ తెలుగువాళ్ల ఇంటి కథ. కబీరుగా గుమ్మడి నటించగా, ఆ పాత్రకు హిందీ గాయకుడు మహమ్మద్ రఫీ చేత పాడించారు. పోతన, త్యాగయ్య, వేమన తర్వాత రామదాసుతో తెలుగు భక్తకవుల వరుసను ఆయన పూర్తిచేశారు.

1965లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. దక్షిణాది సినిమా నటులకు జాతీయ పురస్కారాలు అరుదుగా దక్కుతున్న రోజులవి. 1973 డిసెంబరు 30న మద్రాసులో ఆయన కన్నుమూశారు. నగరంలోని పానగల్ పార్కులో ఆయన విగ్రహం నెలకొల్పారు.

నాగయ్య మిగిల్చింది

నాగయ్య ప్రభావం మూడు వైపుల కనిపిస్తుంది. మొదటిది పద్యం. సినిమాలో పద్యాన్ని రాగప్రదర్శన నుంచి విడదీసి భావానికి దగ్గర చేశారు. తర్వాత ఘంటసాల చేతిలో సినిమా పద్యం పొందిన స్పష్టత, పొందిక ఈ దారికి కొనసాగింపే. రెండోది భక్తకవుల చిత్రణ. దేవుడు ప్రత్యక్షమయ్యే మహిమల కన్నా కవి మనసులోని సంఘర్షణ ముఖ్యమని ‘భక్త పోతన’, ‘త్యాగయ్య’, ‘యోగి వేమన’ నిరూపించాయి. తర్వాత వచ్చిన ఇలాంటి చిత్రాలన్నిటినీ వీటితోనే పోల్చి చూస్తారు. మూడోది నటన స్థాయి. గట్టిగా మాట్లాడకుండా బలంగా చెప్పవచ్చని, ఏడవకుండా ఏడిపించవచ్చని ఆయన చూపారు. గుమ్మడి వంటి తర్వాతితరం గుణచిత్ర నటుల్లో ఈ నిగ్రహం కనిపిస్తుంది.

నటన, గానం, సంగీత రచన, దర్శకత్వం అన్నీ ఒక్కరే చేయడం భారతీయ సినిమాలో అప్పుడప్పుడూ కనిపించేదే. నాగయ్య విషయంలో ఇవి వేరువేరు విద్యలుగా ఉండిపోలేదు. బాణీ కట్టేటప్పుడు నటుడిగా ఆలోచించారు, నటించేటప్పుడు గాయకుడిలా ఊపిరి అదుపులో పెట్టుకున్నారు, దర్శకత్వం చేసేటప్పుడు ఏ పాట ఎందుకు రావాలో ముందే తేల్చుకున్నారు. ఆయన చిత్రాలు కొన్ని నేటికీ చూడడానికి దొరుకుతున్నాయి. పాటకూ పాత్రకూ సంబంధం ఎలా ఉండాలో తెలుసుకోగోరే కొత్త నటులకూ సంగీత దర్శకులకూ అవి పాఠ్యపుస్తకాలుగా పనికివస్తాయి.